కారుతోందని తెలుసు

శ్రీహరికోట. 1979 ఆగస్టు 10. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు పులికాట్ సరస్సు. మధ్యలో, ఆగస్టు ఉక్కపోతలో, 23 మీటర్ల ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు నిటారుగా నిలబడి ఉంది. బరువు 17 టన్నులు. కౌంట్‌డౌన్ నడుస్తోంది.

ఇంకా ఎనిమిది నిమిషాలే. రెండో దశ కంట్రోల్ వ్యవస్థకు తొలి ఆదేశం వెళ్లింది. సోలినాయిడ్ వాల్వు తెరుచుకుంది. మళ్లీ మూసుకోవాలి. మూసుకోలేదు. లోపల ఏదో మలినం ఇరుక్కుంది. నైట్రిక్ యాసిడ్ కారిపోవడం మొదలైంది.

కారుతోందని తెలిసింది కూడా. అయినా, అదంత పెద్ద విషయం కాదనుకున్నారు. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. ప్రయోగం ఆపాలంటే ఆయన చెప్పాలి.

ఆపలేదు.

ఉదయం 7 గంటల 58 నిమిషాలు. ఏళ్ల తరబడి వందలమంది ఇంజనీర్లు నిద్ర మానుకుని బిగించిన రాకెట్టు నిప్పులు కక్కుతూ లేచి, మొదటి దశను ముచ్చటగా ముగించి, రెండో దశ అందుకుందో లేదో, పట్టు తప్పి ఊగిపోయింది. కంట్రోల్ వ్యవస్థ ఇంధనం చిమ్మింది. దాన్ని మండించాల్సిన యాసిడ్ ఎప్పుడో కారిపోయింది. 317 సెకన్లకు అంతా అయిపోయింది. శకలాలు 560 కిలోమీటర్ల అవతల సముద్రంలో పడ్డాయి.

కలాం గదికెళ్లి మంచమ్మీద వాలిపోయారు. కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది. పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. సీనియర్ శాస్త్రవేత్త డాక్టర్ బ్రహ్మప్రకాశ్. ఆయన రాకెట్టు ఊసెత్తలేదు. భోజనానికి వెళ్దామా అన్నారు.

ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ విలేకర్ల ముందు నిలబడి నింద తన మీద వేసుకున్న సంగతి అందరూ చెప్పుకుంటారు. గొప్ప విషయమే. కానీ అసలు పరీక్ష ఆ తర్వాత, తలుపులు మూసిన గదిలో జరిగింది. అదెందుకు అసలు పరీక్షో చాన్నాళ్లకు వచ్చిన ఓ పరిశోధన చెబుతుంది.

1990లలో అమెరికా ఆస్పత్రుల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలికి ఓ విచిత్రం ఎదురైంది. మంచి బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి! వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచలేదు కాబట్టి. తప్పు చెబితే తల తీసేయరన్న ఆ ధీమాకు 1999లో ఆమె శాస్త్రీయంగా రూపమిచ్చారు. తర్వాత గూగుల్ తన 180 బృందాలను జల్లెడ పడితే, అన్నిటికంటే పైన తేలింది అదే.

1979లో ఇస్రో గదిలో ఈ భావన గురించి ఎవరికీ తెలియదు. విచారణ నివేదిక చదివారు. వాల్వు, మలినం, లీకు. సాంకేతికంగా అన్నిటికీ జవాబులున్నాయి. అందరూ సంతృప్తి పడ్డారు. ఫైలు మూసేయొచ్చు.

కలాం లేచి నిలబడ్డారు.

సహచరులు సాంకేతిక కారణాలు చెప్పారు గానీ, ఆ లీకు చిన్నదేనని తేల్చింది తానేనన్నారు. మిషన్ డైరెక్టర్‌గా ప్రయోగం ఆపాల్సిందనీ, ఆపలేదనీ ఒప్పుకున్నారు. విదేశాల్లో అయితే ఈపాటికి తన ఉద్యోగం పోయేదని కూడా అన్నారు.

గది నిండా పెద్దలు. ఎవరూ నోరు మెదపలేదు. ధవన్ కుర్చీలోంచి లేచారు. కలాంను కక్ష్యలో పెడతానన్నారు. అంతే, బయటికి నడిచారు.

1980 జూలై 18. ఉదయం 8 గంటల 3 నిమిషాలు. ఈసారి నాలుగు దశలూ మండాయి. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. బయట విలేకర్లు ఎదురుచూస్తున్నారు. ధవన్ వాళ్ల దగ్గరికి వెళ్లలేదు. మాట్లాడి రమ్మని కలాంను పంపారు.