పసుపు చేనుకు ఇంటి గుంత ఎరువు

ఆర్మూరు రైతుకు ఎరువు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. నెలల తరబడి నేలలో ఊరే పసుపు దుంపకు మాగిన పెంట ఎంత తోలినా చాలదు. ఇంట్లో పశువులు తగ్గాక ఆ పెంటను కొనాల్సి వస్తోంది. పెరట్లో మరుగుదొడ్డి గుంతలో తయారయ్యే ఎరువు మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

దానికి అసహ్యం ఒక్కటే కారణం కాదు. పాకీ దొడ్ల (నీళ్లు పొయ్యని మరుగుదొడ్ల) కాలంలో ఊరి మలాన్ని దళితులు, అందులోనూ ఎక్కువగా ఆడవాళ్లు, చేతులతో ఎత్తి గంపల్లో మోశారు. 1993లో చట్టం దాన్ని నిషేధించినా పని ఆగలేదు. కోలారు బంగారు గనుల్లో అదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ అండతో సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమాన్ని నడిపారు. ఊరూరా ఆ దొడ్లను కూలగొట్టించారు. ఆ నిషేధం అమలు కోసం 2003లో సుప్రీంకోర్టుకెక్కారు. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. మలంతో ఎరువు అనే మాట ఎత్తేవాళ్లు ముందు ఈ చరిత్రకు జవాబు చెప్పాలి.

ఆ జవాబు వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో దొరికింది. 2017 ఫిబ్రవరిలో 23 రాష్ట్రాల అధికారులు అక్కడికి వచ్చారు. అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా ఒక ఇంటి మరుగుదొడ్డి గుంతలోకి దిగి ఎరువు ఎత్తిపోశారు. అది పొడిపొడిగా ఉంది. వాసన లేదు. తరతరాలుగా ఒక కులం నెత్తిన పెట్టిన పనిని పెద్ద అధికారి చేసి చూపడం నాకు ఆ ఎరువుకన్నా పెద్ద విషయంగా తోస్తుంది.

అక్కడున్నవి జంట గుంతలు. ఇటుకల మధ్య సందులు వదిలి గోడ కడతారు, అడుగున సిమెంటు వెయ్యరు. నీరు, వాయువు మట్టిలోకి ఇంకిపోతాయి. ఒకటి నిండితే దాని దారి మూసి రెండోదానికి తిప్పుతారు. ఆరుగురున్న ఇంటికి ఒక్కో గుంత ఐదేళ్ల దాకా వస్తుంది. నిండినదాన్ని కదపకుండా వదిలెయ్యాలి. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఏడాదికి పైగా నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పింది. సెప్టిక్ ట్యాంకులోంచి ట్యాంకరు తోడిన పచ్చి మడ్డి ఎరువు కాదు. దాన్ని చేలో వదిలితే రోగాలే.

గంగదేవిపల్లిలో ఇది సాగిందంటే, నీళ్లకూ పారిశుద్ధ్యానికీ అక్కడ ముందే ఊరి కమిటీలు ఉండటం వల్లే. ఆర్మూరు వైపు ఊళ్లలోనూ గ్రామాభివృద్ధి కమిటీలు బలంగా ఉన్నాయి. అయితే ఆ ప్రాంతంలో అవే కమిటీలు కొన్నిచోట్ల కుటుంబాలను వెలివేసిన సంగతీ ఉంది. అందుకే ఒక్క షరతు ముందే రాసుకోవాలి: ఎవరింటి గుంతను వారే తెరవాలి, కూలికైనా మరో కులానికి అప్పగించరాదు. మొదట తెరవాల్సింది కమిటీ పెద్దల ఇళ్లలో. నీటిమట్టం దిగి గుంత పొడిగా ఉండే మే నెల ఇందుకు అనువు. తొలకరికి పసుపు పెట్టేలోగా ఎరువును ఆఖరి దుక్కిలో కలిపెయ్యవచ్చు.