డీమన్‌కి ప్రొఫైల్ ఎక్కడిది?

చేత్తో స్టార్ట్ చేస్తే శుభ్రంగా నడుస్తుంది, సర్వర్ రీబూట్ అయితే మొరాయిస్తుంది. ఈ రోగం మనలో చాలామందికి పరిచయమే. దీని మూలం 1979 నాటిది. ఆ ఏడాది వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌తో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మొదలయ్యాయి. పేరెంట్ ప్రాసెస్ దగ్గరున్నవే పిల్ల ప్రాసెస్‌కి వస్తాయి. మనం లాగిన్ అయితే షెల్ ప్రొఫైల్ ఫైల్ చదివి అన్నీ అమర్చి పెడుతుంది. బూట్ స్క్రిప్టుల్ని నడిపే ఇనిట్ ఎప్పుడూ లాగిన్ అవదు కదా!

పాత ఆఫీసులో నాకిది గట్టిగానే తగిలింది. ఓ సోమవారం పొద్దున్న చూస్తే మా జావా ప్రోగ్రాం రాసిన తెలుగు రిపోర్టుల నిండా ప్రశ్నార్థకాలు. ఫాంటు గొడవనుకుని సగం రోజు తగలేశాం. తీరా చూస్తే రాత్రి రీబూట్‌లో 'లాంగ్' వేరియబుల్ సెట్ అవలేదు, జావా ఆస్కీకి దిగిపోయింది. (2022లో జావా 18 నుంచి యూటీఎఫ్-8 డీఫాల్ట్ అయింది లెండి.) ఫైల్లో పడ్డ ప్రశ్నార్థకం మళ్ళీ అక్షరం కాదు, ఆ డేటా పోయినట్టే.

అప్పట్లో మందు, స్క్రిప్టులో 'ఎస్‌యూ' పక్కన ఓ చిన్న గీత. గీత ఉంటే ఆ యూజర్ ప్రొఫైల్ చదువుతుంది, లేకపోతే పిలిచినవాడి వేరియబుల్సే చాలావరకు అంటుకుంటాయి. రెడ్‌హ్యాట్ 'సర్వీస్' కమాండ్ అయితే పాత్, టెర్మ్ లాంటివి ఉంచి మిగతావన్నీ తుడిచేసేది. 2010లో వచ్చిన సిస్టమ్‌డీ యూజర్ పేరిస్తే 'హోమ్' పెడుతుంది గానీ ప్రొఫైల్ జోలికే పోదు. కావలసినవి యూనిట్ ఫైల్లో మనమే రాసుకోవాలి. దాన్ని తిట్టేవాళ్ళు బోలెడుమంది, ఈ ఒక్క విషయంలో మాత్రం నేను దాని పక్షమే.