యార్డు అను మాటకు రెండు మూలములు

నేను చెన్నపట్టణమున గుమాస్తాగా చేరిన క్రొత్తలో, పాత ఓడల దస్తరములకు నకలు వ్రాయు పని నాకప్పగించిరి. అందొకచోట ‘మెయిన్ యార్డు విరిగినది’ అని యుండగా, ఏదో ఆవరణపు గోడ కూలినదని తలచి, ఆ కాగితమును కట్టడముల కట్టలో చేర్చితిని. పెద్దగుమాస్తాగారు చూచి నవ్వి, “అది ప్రహరీ కాదు నాయనా! తెరచాపను వ్రేలాడగట్టు అడ్డదూలము” అనిరి. ఒకే మాట దొడ్డికి, దూలమునకు, మూడడుగుల కొలతకు ఎట్లు చెల్లినదను సందేహము నాకు నాడు కలిగి, చాలకాలమునకు గాని తీరలేదు.

వేయేండ్లకు పూర్వపు ఆంగ్లమున ఇవి రెండు వేరు మాటలు. ‘గెఆర్డ్’ అనగా కంచె, ఆవరణము. దానితో సమసించి ద్రాక్షతోటను ‘వీన్‌గెఆర్డ్’ అనిరి. పండ్లతోటకు నేడు వాడు ‘ఆర్చర్డు’ అను మాట తుదిని దాగియున్నదియు ఈ ఆవరణమే. మనుష్యులు వసించు లోకమును ‘మిడ్డన్‌గెఆర్డ్’, అనగా నడిమి ఆవరణము, అని పిలిచిరి.

రెండవది ‘గ్యుర్డ్’. దీనికి కొమ్మ, కర్ర అని యర్థము. తెరచాప కర్ర ‘సెగ్ల్‌గ్యుర్డ్’, కొలకర్ర ‘మెట్‌గ్యుర్డ్’. నేలను కొలుచు ఆనాటి కర్ర నేటి గజముకంటె చాల పొడవైనది. సుమారు 30 ఎకరముల కమతమునకు ‘యార్డ్‌లాండ్’ అను పేరు వచ్చినదియు ఈ కర్ర నుండియే. మూడడుగుల కొలతకు ఆ పేరు తరువాత స్థిరపడెను. 1959లో ఆంగ్లభాషా దేశములు ఆ కొలతను 0.9144 మీటరుగా నిర్ణయించుకొన్నవి. ఆ మొదటి శబ్దములలో రెంటికిని ఆదిని గల గకారము యకారముగా పలుకబడి, అచ్చులు అరిగి, కంచెయు కర్రయు ‘యార్డు’ అను ఒక్క రూపమున కలిసిపోయినవి.

ఇట్టి కలయిక మన యింటను కలదు. ఏనుగను ‘గజము’ సంస్కృతము. కొలతయైన ‘గజము’ పారసీకపు ‘గజ్’. మొన్న నా మనుమరాలు, “తాతయ్యా, ఏరువాక అంటే ఏటి ఒడ్డున చేసే పండుగా?” అని యడిగినది. బిడ్డ తప్పేమున్నది? పూర్వము నదిని శకటరేఫముతో ‘ఏఱు’ అనియు, ఎడ్లు కట్టిన నాగలిని సాధురేఫముతో ‘ఏరు’ అనియు వ్రాసెడివారు. శకటరేఫము వాడుక తప్పుటతో రెండును ఒకటిగా కనబడుచున్నవి.

అప్పుడు నాకు తోడ్పడినది ఇరుగుపొరుగువారి తమిళమే. వారు నదిని ‘ఆఱు’ అనియు, నాగలిని ‘ఏర్’ అనియు నేటికిని వేరుగా పలుకుదురు. ఆ రెండు మాటలు చెప్పగానే, ఏరువాక దుక్కిపండుగయని పిల్లకు తెలిసిపోయినది.

పొరుగు భాష మన భాషను మ్రింగివేయునని మనము భయపడుదుము. ఇంట తెలుగు పలుకుట మానినచో ఆ భయము నిజమే యగును. మానకున్నచో, మన మాటలలో చెరిగిన గుర్తులను పొరుగు భాషయే చూపగలదు. రెండు భాషల నడుమ పెరుగు మన బిడ్డలకు ఈ భాగ్యము కలదు. దానిని వారికి ఎరుక పరుపవలసిన వారము మనము.