పేరు లేని వారంటు



రాజభటుడు గృహస్థుని యిల్లు చొచ్చి సోదా చేయుటకు ఎవరి యనుమతి కావలయును? ఈ ప్రశ్న చాల పాతది. ఆ యిల్లు ఎచ్చట నున్నదో, ఆ గృహస్థుడెవడో తెలియనప్పుడు సోదాకు అనుమతి నెట్లు ఇయ్యవలయును? ఇది మన కాలమున పుట్టిన ప్రశ్న. పాత ప్రశ్నకు ఇంగ్లండులో దొరకిన సమాధానమును, క్రొత్త ప్రశ్నతో అమెరికా న్యాయస్థానములు పడిన పెనుగులాటను నేడు మీకు విన్నవింతును.

1762వ సంవత్సరము నవంబరు నెలలో లండను నగరము చెంత స్టెప్నీయను చోట జాన్ ఎంటిక్ అను నాతని యింటిలోనికి రాజదూతలు చొరబడిరి. ఎంటిక్ బడిపంతులు, నిఘంటువులు కూర్చిన పండితుడు. మంత్రులను దూషించు నొక వారపత్రికకు వ్రాయుచున్నాడని ఆయనపై నేరము మోపబడెను. దూతల చేతిలో హాలిఫాక్సు ప్రభువను మంత్రి సంతకము చేసిన యాజ్ఞాపత్రము కలదు. అందు ఎంటిక్ పేరున్నదే గాని యే కాగితములు తేవలయునో లేదు. ఉన్న కాగితములన్నియు తెమ్మని యున్నది. వారు నాలుగు గంటలసేపు గదులు వెదకి, పెట్టెలు పగులగొట్టి, వ్రాతప్రతులను మూటగట్టి కొనిపోయిరి.

పంతులు ఊరకుండలేదు. దూతలపై దావా వేసెను. 1765లో కామ్‌డెన్ ప్రభువు తీర్పు చెప్పెను. ఇట్టి యధికారమును మంత్రికి ఏ శాసనమును ఈయలేదనియు, శాసనమున లేనిదానిని రాజ్యావసరమను మాట పుట్టింపజాలదనియు ఆ తీర్పు సారాంశము. ఎంటిక్‌నకు 300 పౌనుల నష్టపరిహారము లభించెను. ఆ నడుమనే, 1763లో, జాన్ విల్క్సు పత్రికపై వెలువడిన యాజ్ఞాపత్రము మరియు ఘోరమైనది. అందు మనుష్యుల పేర్లే లేవు. వ్రాసినవారిని, అచ్చొత్తినవారిని, ప్రకటించినవారిని పట్టుకొమ్మని మాత్రమే యుండెను. దానిని చేతబట్టుకొని 49 మందిని నిర్బంధించిరి. దానిని గూడ న్యాయస్థానములు త్రోసివేసినవి.

అప్పటికి ఇంగ్లీషు వలసగా నున్న అమెరికాలోను ఇదే బాధ. దొంగసరకు వెదకు నెపమున సుంకపు టుద్యోగులు ఏ యింటినైనను చొచ్చుటకు వీలిచ్చు పత్రములు వారికి కలవు. 1761లో బోస్టను నగరమున జేమ్సు ఓటిస్ అను న్యాయవాది ఆ పత్రములపై గంటల తరబడి వాదించెను. వ్యాజ్యము ఓడిపోయినను మాట నిలిచినది. స్వతంత్రము పొందిన పిమ్మట 1791లో అమెరికనులు తమ రాజ్యాంగమునకు నాలుగవ సవరణను చేర్చుకొనిరి. దాని ప్రకారము, తగిన కారణమును ప్రమాణపూర్వకముగా చూపనిదే వారంటు పుట్టరాదు. ఏ చోటు వెదకవలయునో, ఎవరిని పట్టవలయునో, ఏ వస్తువు తేవలయునో వారంటులో విస్పష్టముగా వ్రాయవలయును. స్టెప్నీలో పగిలిన పెట్టెల విలువ ఈ వాక్యములో నున్నది.

ఇక మన కాలమునకు వత్తము. అంతర్జాలమున ప్రతి కంప్యూటరునకు అంకెలతో కూడిన చిరునామా యొకటి యుండును. పోలీసులు దానినిబట్టి యిల్లు కనుగొందురు. ఆ చిరునామాను దాచు సాధనము టోర్ అనునది. దీని మూలము అమెరికా నౌకాదళపు పరిశోధనాలయమున 1990ల నడుమ పుట్టినది. దాని పద్ధతి యిట్టిది. ఒక జాబును లకోటాలో నుంచి, ఆ లకోటాను రెండవదానిలో, దానిని మూడవదానిలో నుంచితి మనుకొనుడు. మొదటి తపాలావాడు పైలకోటా విప్పి రెండవవానికిచ్చును. అతడు తన లకోటా విప్పి మూడవవానికిచ్చును. మొదటివానికి పంపినవాడు తెలియును గాని చేరు చోటు తెలియదు. మూడవవానికి చేరు చోటు తెలియును గాని పంపినవాడు తెలియడు. రాజభయముగల దేశములలో సత్యము వ్రాయువారికి ఇది శరణ్యము. దుర్మార్గులకును ఇదియే చాటు.

2013లో హ్యూస్టను నగరపు మేజిస్ట్రేటు నొద్దకు పోలీసులొక దరఖాస్తు తెచ్చిరి. ఎచ్చటనున్నదో తెలియని కంప్యూటరులోనికి రహస్యముగా ఒక ప్రోగ్రామును పంపి, అందలి విషయములు గ్రహించుటకును, దాని కెమెరాతో చిత్రములు తీయుటకును అనుమతి కోరిరి. ఆయన నిరాకరించెను. చోటు తెలియని సోదాకు తన మండలపు హద్దు దాటి అనుమతి నిచ్చు నధికారము తనకు లేదనెను. ఆ కంప్యూటరు నిరపరాధులదైనచో వారి గతి యేమని యడిగెను.

అసలు పరీక్ష 2015లో వచ్చినది. టోర్ చాటున ప్లేపెన్ అను రహస్యస్థలము నడచుచుండెను. పసిబిడ్డలపై జరిగిన యత్యాచారముల చిత్రములను పంచుకొనుటయే దాని పని. లక్షకు మించిన సభ్యత్వములు అందు నమోదయియుండెను. ఎఫ్.బి.ఐ. యను కేంద్రపోలీసు సంస్థ దాని యంత్రమును స్వాధీనపరచుకొని, మూసివేయక, వర్జీనియాలోని తన కార్యాలయమునుండి ఫిబ్రవరి 20 మొదలు మార్చి 4 వరకు తానే నడపినది. ఆ దినములలో లోనికి వచ్చినవారి కంప్యూటరులలోనికి ఒక ప్రోగ్రామును జొప్పించి, నిజమైన చిరునామాను తెప్పించుకొన్నది. ఒక్క మేజిస్ట్రేటు సంతకముతో 120 దేశములలో 8,000కు పైగా కంప్యూటరులు ఇట్లు సోదాకు లోనైనవి. ఆ వారంటులో ఎవరి పేరును లేదు.

ఫలమును గూడ చెప్పవలయును. అమెరికాలో 350 మందిని పట్టుకొంటిమనియు, ఆ దేశమున 55 మంది బిడ్డలను గుర్తించితిమి లేక రక్షించితిమనియు ఎఫ్.బి.ఐ. 2017లో ప్రకటించినది. ఈ యంకెను తేలికగా నెంచువాడు మనుష్యుడు కాడు.

అయినను న్యాయస్థానములలో పెద్ద తర్కము నడచినది. మేజిస్ట్రేటు అధికారము తన మండలమునకే పరిమితమని 41వ నియమము. అందుచే వారంటు చెల్లదని 2016లో మసాచుసెట్సు న్యాయాధిపతి యొకడు సాక్ష్యమును త్రోసివేసెను. పైకోర్టులలో పెక్కు, వారంటులో దోషమున్నను, మేజిస్ట్రేటు సంతకమును నమ్మి పోలీసులు సద్భావముతో నడచిరి గనుక సాక్ష్యము నిలుచునని తీర్చినవి. వాషింగ్టన్ రాష్ట్రమున ఒక న్యాయాధిపతి ఆ ప్రోగ్రాము గుట్టును ముద్దాయి పక్షమునకు చూపుమనెను. ప్రభుత్వము చూపనొల్లక, 2017లో ఆ యభియోగమునే విడిచినది. వర్జీనియాలో మరియొక న్యాయాధిపతి, కంప్యూటరులలోనికి దొంగలు చొచ్చుట నిత్యకృత్యమైన యీ కాలమున ఇంటి కంప్యూటరులో గోప్యత నాశించుట తగదనెను. ఊర దొంగలు తిరుగుచున్నారని, గడియ వేసికొన్న గృహస్థుని హక్కు తొలగునా?

2016 డిసెంబరు 1న నియమమే మారినది. చోటును సాధనబలమున దాచినయెడల, దూరమున నున్న కంప్యూటరు సోదాకు మేజిస్ట్రేటు అనుమతి నీయవచ్చును. హద్దుల చిక్కు వీడినది. ఒక్క పత్రము ఎందరి యిండ్లకు చెల్లుననునది మాత్రము మిగిలియున్నది.

ఇది పరదేశపు వివాదమని తలపవలదు. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపు చట్టమును సవరించి, కలెక్టరు నియమించిన యే మనుష్యుడైనను దస్తావేజులున్న చోట ప్రవేశించి, చూచి, స్వాధీనపరచుకొనవచ్చునని యుంచినది. బ్యాంకులు వ్యాజ్యము వేసినవి. 2004లో సుప్రీము కోర్టు ఆ సవరణ చెల్లదని తీర్చినది. గోప్యత యనునది స్థలమునకు గాక మనుష్యునికి సంబంధించినదనియు, కాగితములు బ్యాంకులో నున్నను ఆ హక్కు పోదనియు చెప్పినది. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమికహక్కుగా స్థిరపరచినది.

కాపటికులు, తాపసవేషధారులు మున్నగు గూఢచారులను కౌటిల్యుడు అర్థశాస్త్రమున వర్ణించెను. రాజు మారువేషము దాల్చుట క్రొత్త గాదు. ఆ వేషమునకు ముందుగా స్వతంత్రుడైన న్యాయాధికారి యనుమతి యుండవలయుననుట మాత్రము మానవులు కష్టపడి సంపాదించిన ధర్మము. బిడ్డలను చెరచినవానిని పట్టుటకు రహస్యసాధనము కూడదని నేననను. అయితే ఏమి చేయబోవుచున్నారో న్యాయాధికారికి దాచక చెప్పవలయును. దేనిని తీసికొందురో ముందే వ్రాయవలయును. పిమ్మట ఆ సాధనమును పరీక్షించుటకు న్యాయస్థానమునకు వీలీయవలయును. దుర్మార్గుని కొరకు తెరచిన ద్వారము మూయబడకున్నచో, రేపు ఆ దారినే సజ్జనుని యింటికిని వత్తురు. ఎంటిక్ పంతులు దావా వేసినది తన పెట్టెల కొరకే. దాని ఫలమును అనుభవించుచున్నది మనమందరమును.