కంఠసర్పి: గంటలతో ముడిపడిన చికిత్స
డిఫ్తీరియాగా పిలిచే కంఠసర్పి గొంతులో బూడిదరంగు పొరను ఏర్పరచి పిల్లలకు ఊపిరాడకుండా చేసే అంటువ్యాధి. పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా ఆసుపత్రుల్లో శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చడమే వైద్యులకు చివరి మార్గంగా ఉండేది. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కితాసాతో ప్రతివిష చికిత్సకు పునాది వేశారు. 1894లో పారిస్ బాలల ఆసుపత్రిలో ఎమిల్ రూ దీనిని వాడగా, మరణాలు సుమారు సగం నుంచి పావు వంతుకు తగ్గాయి.

గుర్రాల రక్తరసి నుంచి తయారయ్యే ఈ ఔషధం రక్తంలోని విషాన్ని మాత్రమే అడ్డుకుంటుంది; గుండె, నాడీకణాల్లోకి చేరిన విషాన్ని తొలగించలేదు. అందువల్ల పరీక్షా ఫలితం కోసం వేచి ఉండకుండా, వ్యాధి లక్షణాలను బట్టే దీనిని ఇస్తారు. ‘కోరంటి దవాఖానా’గా ప్రసిద్ధి పొందిన హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ వ్యాధికి చికిత్స అందుతోంది.

నివారణకు టీకాయే మార్గం. దేశంలో 6, 10, 14 వారాల వయసులో పెంటావాలెంట్ టీకాను, 16–24 నెలలకు, 5–6 ఏళ్లకు డీపీటీ బూస్టర్లను, 10, 16 ఏళ్లకు టీడీ టీకాను ఉచితంగా వేస్తారు.