తునికాకు మా ఇంటికి, మద్దాకు పురుగుకు

"టీచర్, ఇంట్ల పట్టుపురుగులు సాదుకోవచ్చా? ఏం మేపాలె?" అని కోరుట్ల పిల్లలు అడిగితే, మీ ఇంట్లో బీడీలు చేస్తరా అని నేను ముందు అడుగుతాను. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు మామూలే. మా అమ్మ స్నానం చేసి వచ్చినా వేళ్లకు తంబాకు వాసన పోయేది కాదు. మల్బరీ పట్టుపురుగుకు ఆ తంబాకే విషం. తంబాకు చేను పక్కన పెరిగిన మల్బరీ ఆకు తిన్నా కక్కుకుని చస్తుంది.

మల్బరీ పురుగు వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగింది. రెక్కలొచ్చి చిలుకగా మారినా దానికి ఎగరడం రాదు. చిన్నప్పుడు లేతాకు సన్నగా తరిగి వేయాలి, పెద్దయ్యాక కొమ్మలతోనే వేయొచ్చు. తడి ఆకు పనికిరాదు. నాలుగో జ్వరం, అంటే కుబుసం విడిచే నిద్ర, లేచాక వారం రోజుల్లోనే మొత్తం మేతలో నూటికి ఎనభై పాళ్లు తినేస్తుంది.

మన పాత కరీంనగర్ జిల్లా పట్టు మాత్రం ఇది కాదు, మహదేవపూర్ దసలి పట్టు. 2016లో జిల్లాలు విడిపోయాక మహదేవపూర్ భూపాలపల్లి వైపు పోయింది. దసలి పురుగు గడప తొక్కదు. నల్లమద్ది, తెల్లమద్ది ఆకు తిని చెట్టు మీదే పెరుగుతుంది. తునికి, మద్ది ఒకే అడవి చెట్లు. తునికాకు ఎండాకాలంలో కట్టలై మా ఇళ్లకు వచ్చింది, మద్దాకు మాత్రం అడవిలోనే పురుగుకు మిగిలింది.

చెట్టు మోడైతే పురుగులున్న రెమ్మలు కోసి మరో చెట్టుకు మారుస్తారు. ఇక కాకులు, చీమలు, కందిరీగల నుంచి పొద్దంతా కావలే. పురుగు అల్లే గూటిని కాయ అంటారు, దాన్ని చూసి తీరాలి: పురుగే పట్టుతో గట్టి తొడిమ అల్లి, దాన్ని కొమ్మకు ఉంగరంలా చుట్టి, కాయను వేలాడదీస్తుంది. ఎంత గాలికైనా రాలదు.

ఆ కాయ సోడా నీళ్లలో ఉడికితే గాని దారం వదలదు. ఆ దారాన్ని ఆడవాళ్లు తొడ మీద పేనుతూ తీసేవారు. చర్మం ఒరిసి పుండ్లు పడేవి. బీడీ చాట ముందు వంగిన నడుములు చూస్తూ పెరిగినదాన్ని, చీర మెరుపు కంటే ముందు నాకు ఆ పుండ్లే గుర్తొస్తాయి. ఆ పద్ధతి మానిపించడానికే కేంద్ర పట్టు మండలి దారం తీసే బునియాద్ యంత్రాలు తెచ్చింది. దసలి చీర కొనేవాళ్లు ఆ దారం యంత్రం మీద తీసిందా, తొడ మీద తీసిందా అని దుకాణంలో అడగాలని నా కోరిక.