గిరాకి ఉండియు సరకు లేని కాలము

నిజామాబాదు జిల్లా దొంకేశ్వర్‌లో పసుపు పండించు రైతు మనకొక ఆర్థిక సూత్రమును తేలికగా బోధింపగలడు. అంగడిలో ధర ఎంత పెరిగినను ఆ యేటి పంట పెరుగదు. తొలకరిలో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలకు గాని చేతికి రాదు. పిదప ఉడకబెట్టవలెను, ఎండబెట్టవలెను, మెరుగు పెట్టవలెను. మరుసటి యేడు ఎక్కువ నాటదలచినచో విత్తనమును ఈ యేడే దాచుకొనవలెను. మన యిండ్లలోని రేడియో, టెలివిజన్ యంత్రముల చరిత్రయు ఇట్టిదే.

హైదరాబాదులో 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైనది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి తొలి సారథులు. అణుశక్తి కార్యక్రమమునకు పరికరములు సమకూర్చుటకై పుట్టిన ఆ సంస్థయే ‘ఈసీ టీవీ’ని కూడ తయారుచేసినది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరకాలము అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు ప్రసారములు అందినపుడు, అచ్చటి యంత్రములను నిర్మించినది ఈ సంస్థయే. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వెలసినది. చూడగోరువారు పెరిగిరి.

మరి గిరాకి పెరిగిన వెంటనే ఉత్పత్తి ఏల పెరుగలేదు?

మొదటిది అనుమతి. 1951 నాటి పరిశ్రమల చట్టము ననుసరించి లైసెన్సులో చూపిన పరిమితిని కర్మాగారము తన యిష్టము వచ్చినట్లు దాటరాదు. రెండవది విడిభాగములు. టెలివిజన్ పెట్టెలో అనేక భాగములుండును. తొంబదితొమ్మిది పాళ్లు సిద్ధమైనను చిత్రనాళిక రానిచో పెట్టె కదలదు. విదేశమునుండి తెప్పింతమన్న విదేశ మారకద్రవ్యము కొరత. మూడవది పెట్టుబడి. క్రొత్త యంత్రశాల లేచుటకు ఏండ్లు పట్టును. అంతలో గిరాకి తగ్గినచో నష్టము యజమానిదే.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భమున రంగుల ప్రసారము ప్రారంభమైనది. ప్రజల ఆత్రమును తీర్చుటకు విదేశముల నుండి విడిభాగముల కట్టలు తెప్పించి ఇచ్చట బిగించిరి. పెట్టెలు వేగముగా వచ్చినవి. కాని వాటిలోని ముఖ్య భాగములను చేయు విద్య అంత వేగముగా రాలేదు. 1991లో అనేక పరిశ్రమలకు లైసెన్సుల నిర్బంధము తొలగినది. మొదటి చిక్కు వీడినను రెండవది వీడలేదు. 2015లో శ్రీసిటీలో సెల్‌ఫోన్ల కూర్పు మొదలైనపుడును ముఖ్యమైన చిప్పులు పరదేశములవే. 2020 తరువాత ఆ చిప్పుల కొరతతో సంపన్న దేశముల కర్మాగారములు సైతము ఆగినవి.

కావున దుకాణదారు “సరకు రాలేదు” అన్నపుడు, దోషమంతయు అతనిదని గాని, తయారీదారు పేరాస అని గాని వెంటనే తలపరాదు. ఆ మాట వెనుక ఏండ్ల క్రిందట వేయని పునాది ఒకటి ఉండవచ్చును. దొంకేశ్వర్ రైతు విత్తనపు పసుపును అమ్ముకొనక దాచును. బిగించుటతో తృప్తి చెందిన జాతి ఆ విత్తనమును ప్రతియేట పొరుగువాని యింట అడుగవలసియుండును.